ఫార్మాట్ కొట్టియ్యి కాకా!

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో ఎవరింట్లో కంప్యూటర్ లేవకపోయినా మందు ఒక్కటే: ఫార్మాట్ కొట్టు. తెర నీలంగా మారినా ఫార్మాటే, నల్లబడినా ఫార్మాటే. విండోస్ గుర్తు వచ్చి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి మళ్లీ మొదటికొచ్చినా ఫార్మాటే. వెనక వైరు వదులైన పాపానికి ఫార్మాట్ కొట్టించుకున్న ఇళ్లు కూడా మన దగ్గర ఉన్నాయి. అసలు ఏమైందని అడిగితే మాత్రం అడిగినవాణ్నే వింతగా చూస్తారు. కంప్యూటర్ లేవట్లేదంటే ఏమైందని అడుగుతావేంది, లేస్తలేదు, అంతే కదా!

మా బావ ఇంట్లో ఉన్న కంప్యూటర్ 2020లో వచ్చింది. బడులు మూతపడి, పిల్లల చదువంతా తెరల మీదికెక్కిన రోజులు. పిల్లలు పెద్దవాళ్లై హైదరాబాద్ హాస్టళ్లకు పోయారు, కంప్యూటర్ బావకు మిగిలింది. అందులో ఆయన సర్వస్వం ఉంది. పత్తి, సోయా అమ్మిన తక్‌పట్టీలు, పెద్దపిల్ల పెండ్లి ఫోటోలు, ధరణి కాలం నుంచి భూభారతి దాకా జాగ్రత్తగా దాచిన భూమి కాగితాలు. అన్నీ డెస్క్‌టాప్ మీదే. బీరువాలో చోటున్నా ముఖ్యమైన కాగితం దిండు కిందే పెట్టుకునే మనిషి, కంప్యూటర్లో మాత్రం ఇంకెక్కడ పెడతాడు?

ఓ చలికాలం పొద్దున అది లేవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నిపుణులే. ఎదురింటాయన ఆదిలాబాద్ చలికి అది కూడా ముడుచుకుందని, కాసేపు ఎండలో పెట్టమన్నాడు. పదో తరగతి పోరడు సీపీయూ డబ్బా విప్పి, ర్యామ్ ఊడబీకి, నటరాజ్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. నవ్వకండి, ర్యామ్ కాళ్లకు మసి పట్టినప్పుడు అది నిజంగానే పనిచేసే వైద్యం. ఇంకొకాయన లోపలికి కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు చెప్పి చాయ్ తాగి వెళ్లాడు. చివరికి చేతిలో పెన్‌డ్రైవుతో అసలు మనిషి దిగాడు.

"కాకా, వైరస్ వచ్చింది. ఫార్మాట్ కొట్టుడే."

"ఏడికెళ్లి వచ్చిందిరా?"

"నెట్టుకెళ్లి వస్తది కాకా."

"మా ఇంట్ల నెట్టే లేదు గద! ఎప్పుడన్న ఫోన్‌తోని హాట్‌స్పాట్ పెట్టుకుంట, అంతే."

"గంతే సాలు కాకా. ఇగ గాలికెళ్లి గూడ వస్తది గది."

గాలికెళ్లి ఏమీ రాలేదు. బావ జేబులోంచే వచ్చింది. ఆయన పెన్‌డ్రైవు ప్రింటు కోసం నెట్ సెంటర్‌కి పోయింది, పిల్ల పెండ్లి బ్యానరు కోసం ఫ్లెక్సీ దుకాణానికి పోయింది, వీడియో మిక్సింగ్ చేసేవాడి దగ్గర కొన్నాళ్లు కాపురం చేసింది. తిరిగి వచ్చేసరికి అందులోని ఫోల్డర్లన్నిటికీ కింద మూలన ఓ చిన్న బాణం గుర్తు మొలిచింది. అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. అసలు ఫోల్డర్లను వైరస్ దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ తయారుచేసి పెడుతుంది. మీరు నొక్కగానే అది ముందు తన పని చూసుకుని, ఆ తర్వాత మర్యాదగా మీ ఫోల్డర్ తెరిచి చూపిస్తుంది. "ఓపెన్ అయితనే ఉన్నది గదా" అంటాడు బావ. అవుతుంది మరి! దొంగ కూడా తలుపు తీసి లోపలికి రండి అంటుంటే ఎవరికి అనుమానం?

అంతకు ముందు తరంలో 'న్యూ ఫోల్డర్' అని ఒకటుండేది. పసుపు ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాం అది. దాని అసలు పేరు చివర ఈఎక్స్ఈ అని తోక ఉంటుంది. ఆ తోకను చూపించకపోవడం విండోస్‌కు ఎప్పటి నుంచో అలవాటు, వాడేవాళ్లకు కంగారెందుకని కాబోలు. కంగారు లేకుండానే ఊళ్లకు ఊళ్లు దాన్ని నొక్కాయి.

ఇక మన డీటీపీ సెంటర్ల సంగతి వేరే చెప్పాలి. ఇచ్చోడే కాదు, తెలుగునాట ఏ పట్నానికి పోయినా పెండ్లి పత్రిక, కరపత్రం, దశదినకర్మ కార్డు ఇప్పటికీ చాలావరకు పేజ్‌మేకర్ 7లోనే తయారవుతాయి. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చింది, దాని తర్వాత కొత్తది రాలేదు. దాని కోసం పాత విండోస్‌ను అట్టే పెట్టుకుంటారు. ఎక్స్‌పీ నుంచి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7 నుంచి 2020 జనవరి 14తో చేతులు దులుపుకుంది. ఆ తర్వాత వాటికి కన్నం పడితే పూడ్చే దిక్కు దాదాపు లేదు. వాటి మీద తెలుగు ఫాంట్ల క్రాక్, అంటే డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన సరుకు, పేజ్‌మేకర్ క్రాక్, విండోస్‌కే ఓ క్రాక్. ఇన్ని క్రాకులున్నది నిలబడటమే వింత. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గురజాడ లాంటి చక్కటి యూనికోడ్ ఫాంట్లు పైసా లేకుండా దొరుకుతాయని చెప్పి చూశాను. "ఫ్రీగ ఇస్తున్నరంటే అండ్ల ఏదో మతలబు ఉంటది సార్" అని, ఎవరో దొంగిలించి ఇచ్చిన ఫాంటు వైపు ఆప్యాయంగా చూశాడు దుకాణదారు.

క్రాక్‌తో పాటు ఓ నోట్‌ప్యాడ్ కాగితం వస్తుంది. అందులో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: ముందు మీ యాంటీవైరస్ ఆపండి. మనం ఆపుతాం. ఏటా మృగశిర ముందు వ్యవసాయ శాఖవాళ్లు ఊరూరా తిరిగి, బిల్లు లేకుండా పత్తి విత్తనం కొనొద్దని మొత్తుకుంటారు. నకిలీ విత్తనం అమ్మితే పీడీ యాక్టు పెడతామని పోలీసులు అంటారు. రైతులు కూడా ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి, లాటు నంబరు చూసి, రసీదు మడిచి దాచుకుంటారు. అదే రైతు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి, ముఖం తెలియని రష్యావాడో బ్రెజిల్‌వాడో ఊరికే ఇచ్చిన లూజు విత్తనాన్ని, కాపలాదారును బయటికి పంపి మరీ నాటుకుంటాడు. విండోస్ 7 కాలంలో, కొనని విండోస్‌ను కొన్నదని నమ్మించే లోడర్లయితే ఏకంగా బూట్ సెక్టార్‌లోనే, అంటే కంప్యూటర్ కన్ను తెరిచే చోటే, చెయ్యి పెట్టేవి. తర్వాత పొద్దున్నే అది కన్ను తెరవట్లేదని ఎండలో పెడతాం.

ఇది ఇచ్చోడ అమాయకత్వం అని పట్నవాసులు నవ్వనక్కర్లేదు. 2017 మే 12న వానాక్రై అనే మహమ్మారి ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు 102 దానికి చిక్కాయని లెక్క తేలింది. ఆ కన్నం పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే, ఇచ్చింది. అప్‌డేట్ చేయమంటే 'తర్వాత గుర్తు చెయ్యి' అని నొక్కే జబ్బు ఖాకీ బట్టలకు కూడా ఉందన్నమాట. దొంగ వస్తాడని రెండు నెలల ముందే కబురందినా స్టేషన్ తలుపు గడియ పెట్టలేదు.

2019 మే మొదట్లో మరీ మన ఇంటి దాకా వచ్చింది. తెలంగాణ, ఆంధ్ర కరెంటు సంస్థల వెబ్‌సైట్ల మీద అలాంటి తాళం వేసే రాన్సమ్‌వేర్ పడింది. అందులో వరంగల్ కేంద్రంగా మనకు కరెంటిచ్చే ఉత్తర తెలంగాణ డిస్కం కూడా ఉంది. ఆన్‌లైన్లో బిల్లు కట్టడానికి లేకుండా పోయింది. బకాయి ఉంటే ఫ్యూజు పీకేవాళ్లకే ఎవడో ఫ్యూజు పీకి, డబ్బు కడితే పెడతానన్నాడు. మా బావ ఆ వార్త విని, చాన్నాళ్ల తర్వాత నవ్వాడు. అయితే ఒకటి గమనించాలి. అక్కడ ఒక్కరు కూడా "ఫార్మాట్ కొట్టియ్యి" అనలేదు. దాచిన బ్యాకప్‌ల కోసం వెతికారు. పెద్దవాళ్ల డేటా డేటా, మా బావ డేటా చెత్త.

వైరస్ రాసినవాళ్లలో కూడా పద్ధతి గలవాళ్లున్నారని చరిత్ర చెబుతుంది. పీసీల్లో తొలిసారి పాకిన వైరస్ 1986లో లాహోర్‌లో పుట్టింది. పేరు బ్రెయిన్. ఫ్లాపీలోని బూట్ సెక్టార్‌లో కూర్చునే దాంట్లో, రాసిన అన్నదమ్ములిద్దరూ తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు కూడా రాసిపెట్టారు. శత్రుదేశమని మనం అనుకునే చోట పుట్టిన వైరస్‌కు అడ్రసుంది. మన నడిబజారులో మా బావ కంప్యూటర్‌కు ఎక్కించిన విండోస్‌కు లేదు.

2010 ఫిబ్రవరి ముచ్చట ఇంకా బాగుంటుంది. మైక్రోసాఫ్ట్ ఒక భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకున్న ఎక్స్‌పీ కంప్యూటర్లలో కొన్ని లేవడం మానేశాయి, నీలితెర చూపించి మళ్లీ మళ్లీ మొదటికొచ్చాయి. జనం మైక్రోసాఫ్ట్‌ను తిట్టారు. తవ్వి చూస్తే, లేవని వాటిలో, విండోస్ అడుగున కనబడకుండా పనిచేసే అల్యురియాన్ అనే రూట్‌కిట్ ముందే దాక్కుని ఉంది. అప్‌డేట్ వల్ల లోపలి అమరిక మారేసరికి అది తడబడి, కంప్యూటర్‌ను పడగొట్టింది. అప్పుడు ముందుగా చురుగ్గా కదిలిందెవరు? రూట్‌కిట్ రాసినవాళ్లు! కొద్దిరోజుల్లోనే తమ సరుకు సరిచేసి కొత్త కూర్పు వదిలారు, కంప్యూటర్లు చక్కగా లేచేలా. పాపం, లేవని కంప్యూటర్ వాళ్లకూ నష్టమే. వినియోగదారుల సేవ అంటే అదీ. దీన్నిబట్టి అర్థమయ్యేదేమంటే, హాయిగా లేచే కంప్యూటర్‌ను కూడా నమ్మడానికి లేదు. లేవనిది కనీసం నిజం చెబుతోంది.

వైరస్ లేకుండానే పడుకోబెట్టే కాపలాదారులూ ఉన్నారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఓ తప్పుడు అప్‌డేట్ దెబ్బకు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర పట్టుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఇంత పెద్ద రోగానికి చికిత్స ఏమిటో తెలుసా? సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక్క ఫైలు తీసేయడం. అదృష్టం బాగుండి మా ఇచ్చోడ పోరణ్ని శంషాబాద్‌కు పిలవలేదు.

ఆ సేఫ్ మోడ్ మా బావ కంప్యూటర్లో కూడా ఉంది. విండోస్ 10 వరుసగా రెండు మూడుసార్లు సగంలో ఆగిపోతే, దానంతటదే ఓ నీలం మెనూ చూపిస్తుంది. అందులో సేఫ్ మోడ్‌కు దారి ఉంటుంది, ఫైళ్లు ఉంచి విండోస్‌ను మాత్రం కొత్తగా వేసుకునే వీలూ ఉంటుంది. ఆ మెనూ వచ్చింది కూడా. మన నిపుణుడు దాన్ని చూసి, "ఏదో ఇంగ్లీషుల అడుగుతున్నది, పట్టించుకోకు కాకా" అని ఆపేశాడు. అదీ కుదరకపోతే హార్డ్ డిస్క్ విప్పి మంచి కంప్యూటర్‌కు తగిలించి ఫోటోలు, కాగితాలు తీసుకోవచ్చు. లేదా వేరే చోట లినక్స్ పెన్‌డ్రైవు తయారుచేసి, దాంతో లేపి కాపీ కొట్టుకోవచ్చు. ఫోటోలే తీసుకోవాలి సుమా, పక్కనే ఉన్న ఈఎక్స్ఈలను కూడా పాత స్నేహం కొద్దీ వెంట తెచ్చుకోకూడదు. దూరం నుంచి ఎవరో ఆడించే బాట్‌లను ఏరిపారేసే ఉచిత పనిముట్లతో కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలోనే సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టింది. ఫైళ్లకు తాళం పడితే డచ్చి పోలీసులు, యూరోపోల్ కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' దగ్గర కొన్ని తాళంచెవులు ఊరికే దొరుకుతాయి. బ్యాంకు పాస్‌వర్డులు మరో పరికరం నుంచి మార్చుకోవాలి. డబ్బే పోతే 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి. ఇదంతా చెబుతుంటే బావ మధ్యలో ఆపి, "బామ్మర్దీ, ఇన్ని పనులు చేస్తే పోరడు ఎన్ని పైసలు తీస్కుంటడు?" అన్నాడు. అక్కడికి చర్చ ముగిసింది.

ఫార్మాట్ కొట్టారు. డీ డ్రైవు ముట్టుకోలేదు, సీ డ్రైవు మాత్రమే శుభ్రంగా తుడిచానని పోరడు ఎంతో బాధ్యతగా చెప్పాడు. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవులోనే అని ఇద్దరికీ తెలియదు. డీ డ్రైవులో పాత సినిమాలు మూడు క్షేమంగా ఉన్నాయి. పెండ్లి ఫోటోలు, తక్‌పట్టీలు పోయాయి. మా అక్క ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

కొత్తగా ఎక్కించింది కూడా విండోస్ 10. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఎక్కించిన పెన్‌డ్రైవు గుడిహత్నూర్ నుంచి నేరడిగొండ దాకా 44వ జాతీయ రహదారి వెంట ఉన్న కంప్యూటర్లన్నిటినీ చూసొచ్చింది. పని అయ్యాక ఎడం చేత్తో యాంటీవైరస్ ఆపి, కుడిచేత్తో యాక్టివేటర్ నొక్కి, "అయిపోయింది కాకా, ఇగ ఏడేండ్ల దాక చూస్కోవాల్సిన పని లేదు" అని పైసలు లెక్కపెట్టుకుని బండెక్కాడు. బావ తన పాత పెన్‌డ్రైవు తెచ్చి గుచ్చాడు. అందులో ఫోల్డర్లన్నిటికీ ఆ బాణాలు అట్లాగే ఉన్నాయి.

పాఠకులకు మనవి. మీ ఇంటికొచ్చి విండోస్ ఎక్కించేవాడిని ముందుగా బిల్లు అడగండి. బిల్లు లేదంటే పెన్‌డ్రైవు జేబులోంచి తియ్యనివ్వకండి.