కార్లకు సింగిల్ షేరింగ్

పాత నగరాల నడుమ విద్యార్థులకు వసతి కట్టాలంటే కొన్ని దేశాల్లో ఏళ్లకేళ్లు తర్జనభర్జనలు పడతారట. పాత గోపురానికి కొత్త గోడ అడ్డొస్తుందా, ఇటుక రంగు పక్కింటికి నప్పుతుందా అని. పాపం, వేరే పని లేదేమో! మన హైదరాబాద్‌లో ఆబిడ్స్, నాంపల్లి గల్లీల్లో డిజైన్ ఎప్పుడో ఖరారైపోయింది. పాత మేడలో పెద్ద హాలుంటే ప్లైవుడ్ పెట్టి నాలుగు ముక్కలు. ఆర్చీ ఉంటే దాని నోట్లో ఏసీ డబ్బా. డాబా మీద రేకుల షెడ్డు వేస్తే అది పెంట్‌హౌస్. ముందువైపు ఏసీపీ షీట్లు బిగించి, ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్’ అని బోర్డు కడితే సంరక్షణ పూర్తయినట్టే.

అడ్డు చెప్పేవాళ్లా? హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో పాత కట్టడాలను కాపాడే 13వ నిబంధన ఒకటుండేది. 2015లో దాన్నే తీసేశారు. నిబంధన లేకపోతే ఉల్లంఘనా ఉండదు కదా. ఇంత చవకైన సంస్కరణ ఇంకోటి చూపించండి.

వెనకటి వాళ్లకు ఈ తెలివి లేదు. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్ పెట్టించారు. పల్లె నుంచి వచ్చిన పిల్లాడికి పట్నంలో ముద్ద అన్నం, చాపంత చోటు దొరక్కపోతే చదువు సాగదని తర్వాత కొత్వాలైన ఆ పెద్దమనిషి లెక్క. పైగా అందులో గ్రంథాలయమొకటి! ఆ హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపారు. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టడం తేలిక, మంచం వేయడమే కష్టం.

ఎంత కష్టమో నిజాం కాలేజీని అడగండి. 1887లో మొదలైన ఆ కాలేజీ భవనం ఒకప్పుడు ఫక్రుల్ ముల్క్ వేసవి విడిది. నవాబుగారికి ఎండాకాలం గడపడానికి సరిపోయిన తోటలో డిగ్రీ అమ్మాయిలు తలదాచుకోవడానికి చోటు కరువైంది. ఎట్టకేలకు ప్రాంగణంలో కొత్త హాస్టల్ లేచింది. తీరా చూస్తే అది పీజీ వాళ్లకట! 2022 నవంబరులో డిగ్రీ అమ్మాయిలు ధర్నాకు కూర్చున్నారు. పూర్వ విద్యార్థి అయిన మంత్రి కేటీఆర్ కల్పించుకున్నారు. సర్కారు ముందు సగం సగమంది, తర్వాత మొత్తం డిగ్రీ వాళ్లకేనంది. హాస్టల్ వార్డెన్ తేల్చాల్సిన మంచాల పంపకం మంత్రుల దాకా వెళ్లింది.

అలాగని నాంపల్లిలో వసతి నిర్మాణం ఆగిపోయిందనుకుంటే పొరపాటు. మెట్రో స్టేషన్ పక్కన యంత్రాలతో నడిచే 15 అంతస్తుల పార్కింగ్ కట్టారు. అందులో 10 అంతస్తులు అచ్చంగా బండ్లకే. ఒక్కో కారుకు ఒక్కో అర. కారు పక్కన ఇంకో కారు గురక పెట్టదు.

మొజంజాహీ మార్కెట్‌కు మెరుగుపెట్టి 2020లో మళ్లీ తెరిచారు, బాగుంది. రాతి కట్టడాన్ని ఐస్‌క్రీం తినడానికి బాగుచేసుకున్న ఊరికి పడుకోవడానికి బాగుచేసుకోవడం చేతకాదంటే నేను నమ్మను. అందుకే మున్సిపల్ పెద్దలకు ఒక మనవి. ప్రయాణికుల పాత విడిది నాంపల్లి సరాయి మీద ఏ ప్లాను గీసినా కెఫే, మాల్ తర్వాత పెట్టండి, పడకలు ముందు గీయండి. రైలు దిగినవాళ్లు పడుకోవడానికే దాన్ని 1919లో కట్టారు.