జాగ్రత్తరావుగారి కంప్యూటర్ సేవ

జాగ్రత్తరావుగారు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరుంటారు. కాకరకాయలు కిలోకి రెండు రూపాయలు ఎక్కువ చెప్పారని రైతుబజారు ఆ చివరిదాకా నడిచే మనిషి, కరెంటు బిల్లును మీటరు రీడింగుతో సరిచూడందే నిద్రపోని మనిషి, కంప్యూటర్ ముందు కూర్చోగానే జమీందారైపోతారు. తెర మూలన ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అని ఎర్రక్షరాలు వెలిగితే చాలు, డబ్బు కట్టేయడానికి ఓటీపీ రావడమే ఆలస్యం. ఏటా రెన్యువల్ చేయించే యాంటీవైరస్, దానికి తోడు చెత్త ఊడ్చే క్లీనరు, ఊడ్చాక వేగం పెంచే బూస్టరు, డ్రైవర్లను వెతికిపెట్టే అప్‌డేటరు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఇవన్నీ ఒక్కసారిగా నిద్రలేస్తాయి కాబట్టి, డెస్క్‌టాప్ కనబడేలోపు ఆయన కాఫీ తాగి, పేపర్లో సంపాదకీయం కూడా ముగించేస్తారు. స్లో అయిందని తాను కొన్నవే దాన్ని స్లో చేస్తున్నాయని ఆయనకు తట్టదు. తట్టినా, అందుకూ ఒక సాఫ్ట్‌వేర్ దొరక్కపోదని వెతుకుతారు. టాస్క్ మేనేజర్లో ‘స్టార్టప్’ అనే చోట నాలుగు క్లిక్కులతో ఆ మేళాన్ని చాలావరకు ఆపేయొచ్చు. కానీ అది ఊరికే అయ్యే పని, ఊరికే అయ్యే పని మీద ఆయనకు గురి కుదరదు.

ఈయన్ని తెలివితక్కువవాడనుకుంటే పొరపాటు. కాకరకాయైతే చూసి, గిల్లి, ఆ తర్వాతే బేరం మొదలెడతారు. కంప్యూటర్ లోపలి సంగతి గిల్లి చూసేది కాదు, ఎవరో చెబితే నమ్మాల్సిందే. చిక్కంతా అక్కడే ఉంది: జబ్బుందని చెప్పేవాడూ, మందు అమ్మేవాడూ ఒక్కడే. ఇది వట్టి అనుమానం కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో ‘పీసీ హెల్త్ చెక్’ అని ఉచిత పరీక్ష ఒకటి చేసేవారు. స్కాన్‌కు ముందు నాలుగు ప్రశ్నలు: మెషిన్ నెమ్మదించిందా, తరచూ ఆగిపోతోందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, వైరస్ హెచ్చరికలు కనబడ్డాయా? వీటిలో ఏ ఒక్కదానికి టిక్కు పెట్టినా, స్కాన్‌లో ఏమీ దొరక్కపోయినా, వైరస్ జాడలున్నాయనే ఫలితం వచ్చేదని, దాన్ని చూపించి వందల డాలర్ల రిపేర్లు అంటగట్టేవారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2019లో ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్.కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. అంటే ఆ స్కానరు పట్టింది కంప్యూటర్ నాడి కాదు, యజమాని నాడి. మన క్లీనర్లు చూపించే ‘వెయ్యికి పైగా రిజిస్ట్రీ లోపాలు’ కూడా ఈ కోవలోవే. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. విండోస్ తయారుచేసినవాళ్లు వద్దన్న పనికి ఏటా చందా కట్టడం జాగ్రత్తరావుగారికే చెల్లింది.

‘ఊరికే వచ్చేదాంట్లో పసేముంటుందండీ? డబ్బు పుచ్చుకున్నవాడికైతే బాధ్యత ఉంటుంది’ అంటారాయన. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు, ఉచితమని పిలిచి ఇంకో దారిన రాబట్టుకునేవాళ్లు లేకపోలేదు. కానీ విండోస్ డిఫెండర్ ఊరికే వచ్చింది కాదు. విండోస్ 8 నాటి నుంచి, అంటే 2012 నుంచి, అది యాంటీవైరస్‌గా విండోస్‌లోనే ఉంది. దాని ఖరీదు కంప్యూటర్ కొన్ననాడే బిల్లులో కలిసిపోయింది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో కొన్నేళ్లుగా అది డబ్బిచ్చి కొనేవాటికి దీటుగా మార్కులు తెచ్చుకుంటోంది. మామూలుగా బయటి యాంటీవైరస్ ఒకటి వేయగానే డిఫెండర్ మర్యాదగా తప్పుకుంటుంది, కాబట్టి ఆయన కట్టే డబ్బుతో రక్షణ రెట్టింపు కాదు, ఒకటి పోయి ఇంకొకటి వస్తుందంతే. ఇక బాధ్యత సంగతి. మీ ఆనుపానులు ఎవరికీ తెలియకుండా కాపాడతామన్న యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, వాడుకరులు ఏ సైట్లు చూశారో ఆ వివరాలు అమ్ముకుందన్న అభియోగం మీద 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2017లో హ్యాకర్లు సీక్లీనర్‌లోకి చొరబడి, శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌తోనే 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు మాల్‌వేర్ పంపారు. అదనంగా వేసిన ప్రతి సాఫ్ట్‌వేరూ మనం నమ్మి తీరాల్సిన ఇంకో కంపెనీయే.

ఇది విని ఆయన తోడల్లుడు చంకలు గుద్దుకుంటాడు. అతగాడు ఏదీ కొనడు, అన్నిటికీ ‘క్రాక్’ దించుకుంటాడు. ఇది పొదుపు కాదు. ఫైలు నడవాలంటే యాంటీవైరస్ ఆపమని అడిగే క్రాక్, ఎందుకు ఆపమంటోందో ఆలోచించాలి. పైగా దొంగతనం అవసరమే లేదు. అసోసియేషన్ లెక్కలకూ, పెళ్లిపిలుపుల జాబితాకూ 2011 నుంచి ఉచితంగా లిబ్రెఆఫీస్ ఉంది. సినిమాలకు వీఎల్‌సీ ఉంది. శుభలేఖకు అందమైన అక్షరాలు కావాలంటే మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇక విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి కంప్యూటరే మార్చేయాలని షాపువాళ్లు అంటారు. ఆ కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాకపోయినా, బ్యాంకు పనీ, యూట్యూబూ మాత్రమే చూసుకునే మెషిన్‌ మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది.

అలాగని పైసా తీయొద్దని కాదు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ఏ బూస్టరూ ఇవ్వని వేగం వస్తుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలోనైనా, మీ ఊరి షాపులోనైనా అది ఒక్కసారి ఖర్చు. అంతకంటే ముఖ్యం బ్యాకప్‌కు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు. జాగ్రత్తరావుగారి అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి, రెండో కాపీ లేదు. డిస్కు పోయిననాడు ఆయన కొన్న నాలుగు సాఫ్ట్‌వేర్లూ ఒక్క ఫొటోని వెనక్కి తేలేవు. మనకేం కావాలో మనం తేల్చుకుని వెళ్లి కొంటే అది ఖర్చు, తెర మీదికి అదే వచ్చి కొనమంటే అది భయానికి కట్టే పన్ను. ఆయనకు ఈ మాట నచ్చుతుంది, అమలే కష్టం. బ్యాకప్ డిస్కు షాపులో నోరు మూసుకుని కూర్చుంటుంది, ఎర్రక్షరాలతో బెదిరించదు. బెదిరించని వస్తువును కొనే అలవాటు ఆయనకు లేదు.