ఓష్ఠ సంజీవని: ఒక గోడ కాగితానికి టీకా తాత్పర్యాలు

మూలము

"పెదవులు పొడిబారుట నివారింపబడుటకై అధికముగా జలమును సేవింపవలెను. జిహ్వతో తడుపరాదు. లేపనమును వలసినప్పుడెల్ల పూయవలెను."

అవతారిక

ఇది మూడు వాక్యాల గ్రంథం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఆసుపత్రి వరండాలో, ఓపీ చీటీల కిటికీ పక్కన వెలసింది. కర్త ఎవరో తెలియదు. కాలనిర్ణయం చేయాలంటే, ల్యామినేషన్ మిషను వచ్చిన తరువాత, ఈ ల్యామినేషన్ అంచులు విచ్చుకోక ముందు. పుష్యంలో పగిలిన నా పెదవులు చైత్రం వచ్చినా మానలేదు. నవ్వితే రక్తం చెమర్చే స్థితిలో క్యూలో నిలబడి ఈ గ్రంథాన్ని పారాయణ చేసే యోగం పట్టింది. చదివిన కొద్దీ పెదవులకంటే ఒళ్లు ఎక్కువ మండింది. అందుకని ఈ వ్యాఖ్య.

మల్లినాథ సూరి మన మెదక్ సీమవాడే. కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందున్నది రఘువంశం, కాబట్టి ఒట్టు నిలబడింది. నా ముందున్న మూలంలో అక్కర్లేనిదే ఎక్కువ. నాకు ఆ ఒట్టు చెల్లదు.

ప్రతిపదార్థం

పెదవులు = పెదవులు. పొడిబారుట = పొడిబారుట. తక్కినది స్పష్టము.

కాదు, "నివారింపబడుటకై" దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎవరిచేత నివారింపబడుట? కర్త కనబడడు. నోటీసుల తెలుగులో కర్త ఎప్పుడూ కనబడడు, పని మాత్రం జరుపబడుచుండును. గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ సీమలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పంతులుగా పనిచేసింది పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో. సవరలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్న మనిషి. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ముసలితనం దాకా పోట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజుకి ఏటా దండలు వేస్తాం. వేసి వచ్చి, "సేవింపవలెను" అని రాసి గోడకి అంటిస్తాం.

నా ముందు ఒక ముసలామె నిలబడింది. జీడిపిక్కలు కొట్టే చేతులు. వేళ్ల కొసలు నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. చీర చెంగుతో మూతి ఒత్తుకుంటూ కాగితం కేసి చూసి, "జిహ్వంటే ఏటి బాబూ?" అంది.

"నాలికమ్మా."

"మరి నాలికనే రాయొచ్చు గదేటి."

ఇంతకు మించిన వ్యాఖ్య నా చేత కాదు.

విశేషాంశం

కిటికీ దాకా చేరాను. లోపలి కుర్రాడు "ఏ ఊరు?" అన్నాడు. సోంపేట అనబోయి ఆగిపోయాను. ఓకారానికి పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి. ఆ వెంటనే సున్నకు మూసుకోవాలి, ఆపై పకారానికి విడిపోవాలి. ఒక్క ఊరిపేరుకి ఇంత వ్యాయామం. పగిలిన పెదవికి ఇది శిక్ష.

ఇక్కడ దండి గుర్తుకు రావాలి. దశకుమార చరితం ఏడవ ఉచ్ఛ్వాసంలో మంత్రగుప్తుడు తన కథ చెప్పుకుంటాడు. ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు పుండై ఉన్నాయి కనుక, కథ మొత్తం పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ రాకుండా నడిపిస్తాడు. పవర్గం లేదు. దీనికి నిరోష్ఠ్యం అని పేరు. మన తెలుగువాళ్లు నియమాన్ని ఇంకా బిగించారు. ఉకారం పనికిరాదు, ఒకారం పనికిరాదు, వకారం పనికిరాదు. (నిరోష్ఠ్యం అన్న పేరులోనే ఓకారం ఉందన్న సంగతి ఆలంకారికులు ఎవరూ పైకి అన్నట్టు లేదు.) మరింగంటి సింగరాచార్యులు ఈ నియమంతో ఏకంగా రామాయణమే రాశాడు. రామ అనకూడదు, మకారం ఉంది. సీతాపతి అనకూడదు, పకారం ఉంది. అందుకే కావ్యానికి దశరథరాజనందన చరిత్ర అని పేరు. చదివి చూడండి, పెదవికి పెదవి తగలదు. కావ్యమంతా రాముడి పేరు ఎత్తకుండా రాముడి కథ చెప్పడం మామూలు పట్టుదల కాదు.

ఈ దృష్టితో మా సీమను సర్వే చేశాను. పలాస, మందస, కవిటి, బారువ, కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు: అన్నీ పెదవులను బాధించేవే. ఉద్దానం మొదటి అక్షరంలోనే పోయింది. గట్టెక్కిన పెద్ద ఊళ్లు రెండు, టెక్కలి, కంచిలి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. సోంపేట రైల్వే స్టేషను ఉన్నది కంచిలిలోనే. పెదవి పగిలినవాడు స్టేషను బయట ఆటోవాడితో కంచిలి అన్నా అబద్ధం కాదు. టికెట్ కిటికీ దగ్గర మాత్రం సోంపేట అని తీరాలి.

మందుల విషయంలోనూ ఈ పరీక్ష పెట్టవచ్చు. లిప్ బామ్ అని షాపులో అడగాలంటే పెదవులు మూడుసార్లు కలవాలి. కొబ్బరినూనెకూ నొప్పే. నెయ్యి? హాయిగా అనవచ్చు. తేనె కూడా అనవచ్చు. కానీ తేనె రాసుకున్నవాడు నాలుకను కట్టేసుకోలేడు, కనుక మూలంలోని రెండో సూత్రానికి విరుద్ధం. జీడి అనడానికి ఏ ఇబ్బందీ లేదు, కానీ పచ్చి జీడిపిక్క తగిలితే పెదవి బొబ్బలెక్కుతుంది.

ఇంకా రాయగలను. కుర్రాడు రెండోసారి "ఏ ఊరండీ?" అన్నాడు.

మొదటి సూత్రం: అధికముగా జలమును

శంక: నీళ్లు తాగితే పెదవి మానుతుందా?

సమాధానం: గొంతెండినవాడికి నీళ్లు కావాలి. ఎండలో కొబ్బరితోటలోనో జీడితోటలోనో పొద్దస్తమానం పనిచేసేవాడు నీళ్లు తాగి తీరాలి, అందులో వాదం లేదు. కానీ పెదవి ఎరుపు భాగంలో చెమట గ్రంథులు లేవు. తక్కిన చర్మానికి ఉన్నట్టు జిడ్డునిచ్చే ఏర్పాటూ లేదు. పైపొర బహు పలచన. ఆరిన పెదవికి పైనుంచి కాపు కావాలి. కడుపులో పోసిన బిందెడు నీళ్లు దానిదాకా వచ్చి కాపలా కాయవు.

అయితే ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు ఈ వాక్యాన్ని ఉద్దానంలో అంటించడం.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల్లో కిడ్నీ పోయిన మనిషి లేని ఊరు వెతుక్కోవాలి. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. పైనుంచి వచ్చిన ప్రతివాడూ నీళ్లు తాగండన్నాడు. ఏ నీళ్లో చెప్పలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లను 700 కోట్లతో గొట్టాల్లో తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అప్పటికి ఎన్ని ఏళ్ల దాహం!

నా ముందున్న ముసలామె వచ్చింది తన మూతి చూపించుకోవడానికి కాదు. లోపల పెనిమిటికి డయాలసిస్ నడుస్తోంది. ఆమె సంచిలో అర లీటరు బాటిల్ ఒకటి, దానిమీద పెన్నుతో అడ్డంగా గీతలు. పొద్దుటికి ఇంత, మధ్యాహ్నం మాత్రలకి ఇంత, రాత్రికి ఇంత. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు లెక్క మామూలుగా ఇలా ఉంటుంది: నిన్న మూత్రం ఎంత పోయిందో అంత, దానిమీద ఓ అర లీటరు. మూత్రమే పోనివాడికి ఆ అర లీటరే రోజంతటికీ. మించితే ఒంట్లో నీరు నిలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఊళ్లలో అందరికంటే ఎక్కువ పెదవులు ఎండేది వాళ్లకే. వాళ్లు కూర్చునే బెంచీకి ఎదురుగా "అధికముగా జలమును సేవింపవలెను".

పాఠాంతరం: దగ్గరికి వెళ్లి చూస్తే కాగితం మీద పరిష్కర్త చెయ్యి పడినట్టు తెలిసింది. ల్యామినేషన్ మీద పెన్ను సరిగ్గా పడక, గట్టిగా అదిమి, "అధికముగా"ను కొట్టేసి పైన "డాక్టరు చెప్పినంత" అని రాశారెవరో. రాత వంకరగా ఉంది. కర్త పాఠం కంటే ఈ పాఠమే సాధువు. ఈ వ్యాఖ్యాతకు ఇదే గ్రాహ్యం.

రెండో సూత్రం: జిహ్వతో తడుపరాదు

ఒప్పుకున్నాను. ఉమ్ము ఆరుతూ ఆరుతూ పెదవిలో ఉన్న కాస్త చెమ్మనూ పట్టుకుపోతుంది. అన్నాన్ని అరిగించే రసాలు కూడా అందులో ఉన్నాయి, పగుళ్లలోకి దిగితే మంటే. తడిపితే ఎండుతుంది, ఎండితే మళ్లీ తడపాలనిపిస్తుంది. తేలిన తోలును పంటితో పీకడం దీనికి తోబుట్టువు. మూలకారుడు దాన్ని మరిచాడు.

జీడినీ మరిచాడు. పచ్చి జీడిపిక్కను పళ్లతో కొరికి మూతి కాల్చుకోని గుంటడు ఈ తీరాన ఉండడు. పెంకులోని నూనె చర్మాన్ని తినేస్తుంది. పిక్కలు కొట్టిన చేత్తో మూతి తుడుచుకుంటే పెద్దవాళ్లకూ అదే గతి. పలాస, కాశీబుగ్గల్లో ఇంతమంది ఆడవాళ్లు ఆ పనిమీద బతుకుతుంటే, పెదవుల గురించి రాసిన కాగితంలో ఆ ఊసే లేదు. ఏ ఊరి కాగితమో తెచ్చి ఇక్కడ అంటించారు.

మూడో సూత్రం: లేపనమును వలసినప్పుడెల్ల

ఏ లేపనం? కర్పూరం, పుదీనా సత్తు కలిపి చల్లగా తగిలేవి రాయగానే హాయిగా ఉంటాయి, కాసేపటికి పెదవిని ఇంకా రేపుతాయి. అప్పుడు మళ్లీ "వలసి" వస్తుంది. సూత్రాన్ని ఇంత నిష్ఠగా పాటించే సరుకు ఇంకొకటి లేదు. వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. అమెరికాలో చెస్‌బ్రో అనే ఆయన 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చమురుబావుల పనివాళ్లు పంపు కడ్డీలకు పేరుకున్న జిడ్డును కాలినచోట రాసుకోవడం చూసి పట్టుకున్న సంగతి అది. జెల్లీ లేకపోతే పడుకునేముందు కాస్త నెయ్యి. ఇందాకటి పరీక్షలో నెగ్గింది కూడా అదే.

ఇన్ని చేసినా మానకపోతే? మూలం మౌనం. మూలల్లో చీలితే రక్తం తక్కువైందేమో, బి విటమిను తక్కువైందేమో చూడాలి. బారువ వైపు ఏళ్ల తరబడి ఎండలో వేటకెళ్లే వాళ్లకు కింది పెదవి మీద మానని పొలుసో పుండో కొన్ని వారాలు నిలిస్తే అది పూత వ్యవహారం కాదు, డాక్టరుకు చూపించి తీరాలి, ఎండకు కేన్సరుగా మారవచ్చు. ఈ నాలుగు ముక్కలకూ కాగితంలో చోటు లేకపోయింది. కింది సగం దాతగారి ఫొటోకీ, బిరుదులకీ సరిపోయింది.