అరవై నాలుగు చాలదా?

కెమెరా కొనడం తేలిక. ఏ కంపెనీదో, ఏ మోడలో అమెరికాలో ఉన్న మేనల్లుడు చెప్పేస్తాడు. డబ్బు సంగతి బ్యాంకు చూసుకుంటుంది. చిక్కంతా ఆ డబ్బాలో లేని వస్తువుతోనే. మెడకు వేసుకునే పట్టీ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, ఎవరూ చదవని పుస్తకం బోలెడు భాషల్లో ఉంటుంది. మెమరీ కార్డు మాత్రం ఉండదు. అది విడిగా కొనుక్కోవాలి. ఎన్ని జీబీలదో మనమే తేల్చుకోవాలి. క్రికెట్ జట్టు ఎంపిక తర్వాత ఈ దేశంలో అందరికీ గట్టి అభిప్రాయం ఉన్న విషయం ఇదేనని మా మేనకోడలి పెళ్లి కుదిరాక తెలిసింది.

"ఒకటే మాట బావా. 1 టీబీ కొనెయ్. మళ్లీ జన్మలో కార్డు మొహం చూడక్కర్లేదు" అన్నాడు మా బావమరిది. వాడికి ఏ వస్తువైనా జన్మకొక్కసారే కొనాలన్నది సిద్ధాంతం. అందుకే ఏడాదికి మూడు ఫోన్లు మారుస్తాడు.

మా నాన్నగారు పేపరు మడిచారు. "మా పెళ్లికి తీసినవి పన్నెండురా. ఒక దాంట్లో మీ అమ్మ కళ్లు మూసుకుంది. తక్కిన పదకొండూ నాకు కంఠతా."

ఆయన చెప్పింది నిజమే. ఆనాటి స్టూడియోల్లో వాడిన 120 రీలుకు చదరపు ఫొటోలు పన్నెండే వచ్చేవి. తర్వాత ఊరూరా పాకిన 35 ఎం.ఎం. రీలుకు 36. చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫరు అందులోంచే 37, 38 లాగేవాడు. రీలు ఖరీదు తెలిసినవాడు కాబట్టి దగ్గరి చుట్టాలకు ఫొటో తీసి, దూరపు చుట్టాలకు ఉత్త ఫ్లాష్ కొట్టేవాడు. మా పెదనాన్నగారి తోడల్లుడు మా పెళ్లినాటి తన ఫొటో ఏదని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. చెప్పడానికి మాకు నోరు రాదు.

అసలీ ప్రశ్న డిజిటల్ కెమెరాతో పాటే పుట్టింది. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైన, నాణ్యత 0.01 మెగాపిక్సెల్. ఒక్క నలుపు తెలుపు ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. ఆ క్యాసెట్లో ఎన్ని ఫొటోలు పట్టాలన్న ప్రశ్న ఆయనకూ వచ్చింది. 24 రీలుకూ 36 రీలుకూ మధ్యలో ఉంటుందని 30 దగ్గర ఆగాడు. ఇంటికెళ్లి బావమరిదిని అడిగి ఉంటే డిజిటల్ కెమెరా మరో పదేళ్లు ఆలస్యమయ్యేదని నా అనుమానం.

ఇక లెక్కకొద్దాం. మాది 24 మెగాపిక్సెళ్ల కెమెరా. మంచి నాణ్యత ఉన్న జేపెగ్ ఫొటో సుమారు 10 ఎంబీ ఉంటుంది. అంటే 64 జీబీ కార్డులో ఆరు వేల ఫొటోలు. తర్వాత రంగులూ వెలుగూ సరిదిద్దుకునే రా ఫైళ్లయితే ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ, అప్పుడు రెండు వేల పైచిలుకు. ఆరు వేల ఫొటోలను తలా ఐదు సెకన్లు చూసినా ఎనిమిది గంటలు దాటుతుంది. పెళ్లే అంతసేపు ఎవరూ చూడరు, భోజనాలు కాగానే లేచిపోతారు.

వీడియో సంగతి వేరు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే తీసే కెమెరా గంటకు 45 జీబీ మింగుతుంది. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. గౌరీపూజ దగ్గర మీట నొక్కి అలా వదిలేస్తే, పంతులుగారు తీరుబడిగా మంత్రాలు చదివేవారైతే, సరిగ్గా మాంగల్యధారణ వేళకు తెర మీద "కార్డ్ ఫుల్" అని పడుతుంది. ముహూర్తం ఆగదు, కార్డు సాగదు.

ఈ లెక్కలన్నీ పట్టుకుని మా ఆవిడతో కలిసి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. కొట్టాయన ఒక 64 జీబీ కార్డును కంప్యూటర్లో పెట్టి చూపించాడు. తెర మీద 59 చిల్లర అని వచ్చింది.

"మిగతా నాలుగూ ఎవరు తిన్నారండీ? ఇదేమన్నా అపార్ట్‌మెంటా, కాగితం మీద ఒకటి, లోపల ఒకటి?" అంది మా ఆవిడ.

"ఎవరూ తినలేదమ్మా. కంపెనీ వాళ్లకు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోసుకు 107 కోట్ల పైన. సరుకు అంతే, కొలతే వేరు" అన్నాడాయన. ఫ్లాటు అమ్మినాయన కూడా మాకు ఇంత ఓపిగ్గా చెప్పలేదు.

తర్వాత కార్డు మీది రాతలు చదివించాడు. తపాలా బిళ్లంత జాగాలో అన్ని అంకెలు ఎలా పట్టించారో ఆశ్చర్యం. హెచ్‌సీ అంటే 2 జీబీ దాటి 32 వరకు. ఎక్స్‌సీ అంటే 32 దాటి 2 టీబీ వరకు. ఎక్స్‌సీ రాకముందు వచ్చిన పాత కెమెరాలు కొన్ని ఆ కార్డును గుర్తే పట్టవు. సున్నా చుట్టిన 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుందని హామీ. యూ3 అన్నా, వీ30 అన్నా 30 ఎంబీ. పెద్దక్షరాల్లో 170 అనో 200 అనో మెరిసేది చాలావరకు చదివే వేగం. ఫొటో తీసేటప్పుడు కెమెరాకు కావలసింది రాసే వేగం, అది వెతుక్కోవలసినంత చిన్నక్షరాల్లో ఉంటుంది.

చివరికి ఆయన అసలు ప్రశ్న వేశాడు. "సార్, మీరు ఫొటోలు తీస్తారా? తీసి చూస్తారా? తీయడానికైతే 256 ఇస్తా. చూడడానికైతే 32 ఎక్కువ."

మేం మొహమొహాలు చూసుకున్నాం. బేరం రెండు 64ల దగ్గర కుదిరింది. "ఒక్క పెద్ద కార్డు పాడైతే పెళ్లి మొత్తం పోతుంది సార్. రెండుంటే సగమైనా మిగులుతుంది. ముహూర్తం అయ్యాక కార్డు మార్చేయండి" అన్నాడు.

ఈలోగా మా బావమరిది ఆన్‌లైన్లో ఏడొందలకు 1 టీబీ తెప్పించేశాడు. కెమెరాలో పెడితే 1 టీబీ అనే చూపించింది. అలా చూపించడమే దాని ఉద్యోగం. ఇలాంటి కార్డుల్లో లోపలి చిప్పు ఏ 8 జీబీయో, 16 జీబీయో ఉంటుంది. దాన్ని నడిపే కంట్రోలర్‌కు అబద్ధం నేర్పి పంపుతారు. మొదటి ఫొటోలు బుద్ధిగా కూర్చుంటాయి. అసలు జాగా నిండాక వచ్చినవి గాల్లో కలుస్తాయి, లేదా పాతవాటి నెత్తినెక్కుతాయి. కార్డును నిండా రాసి, రాసింది తిరిగి చదివిస్తేనే దొంగ దొరుకుతాడు. ఆ పని చేయడానికి హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్‌3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్లో చెబుతుంటే పరీక్ష పెట్టాం. ఉన్నది 16 జీబీ కూడా కాదని తేలింది.

బావమరిది చలించలేదు. "ఆ సాఫ్ట్‌వేర్ ఫేక్ బావా" అన్నాడు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. కెమెరా మా బావమరిది కొడుకు చేతిలో పడింది. వాడికి వరసపెట్టి ఫొటోలు కొట్టే బర్స్ట్ మోడ్ తెలుసు, ఆపడం తెలియదు. ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీనదయాళ్ కాలంలో ఫొటోకొక గాజు పలక కావాలి. ఆయన పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో 2,800 పైచిలుకు ఉన్నాయి. వైస్రాయిలు, మహారాజులు, కోటలు, దర్బార్లు అన్నీ వాటిలోనే. మావాడు ఆ అంకెను తలంబ్రాలు పూర్తయ్యేలోగా దాటేశాడు. అందులో సగం ఒకే దోసిలి బియ్యం రకరకాల ఎత్తుల్లో.

చెరుపుదామంటే ఇంట్లో ఒప్పుకోరు. ఒక దాంట్లో పిన్ని బాగుంది, దాని పక్కదాంట్లో బాబాయి కళ్లు తెరిచాడు. మూడో దాంట్లో ఇద్దరూ బాగాలేరు గానీ వెనకాల ఎవరిదో పట్టుచీర బాగుంది. మా ఆవిడ రెండు కార్డులనూ దేవుడి గదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టింది. అక్కడ ఎంత భద్రమైనా లాభం లేదు. చిప్పులో ఫొటో నిలిచేది విద్యుదావేశంగానే. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అది సన్నగిల్లవచ్చు. కంప్యూటర్లోకి ఒక కాపీ, విడి డిస్కులోకి ఇంకో కాపీ దింపిందాకా నేను పోరుతూనే ఉన్నాను.

కాబట్టి కార్డు కొనబోయేవారికి నా మాట ఇది. ఫొటోలకూ చిన్న చిన్న వీడియోలకూ 64 జీబీవి రెండు చాలు, వీ30 గుర్తు చూసుకోండి. గంటలకొద్దీ 4కే తీసేవారు 128వి రెండు తీసుకోండి. నమ్మకమైన కొట్లో కొని, నిండా రాయించి పరీక్షించి, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఇక ఎప్పుడైనా మూడో కార్డు కొనాలనిపిస్తే ఆ రోజు బజారుకు వెళ్లకండి. తలుపేసుకుని మొదటి కార్డులోవి చెరపడం మొదలుపెట్టండి. పిన్నిని మాత్రం పిలవకండి.