ఆదివారం కొలంబస్‌లు

జులై నెల పుట్టిందంటే చాలు, తెలుగునాట ఆదివారానికొక కొత్త జలపాతం చొప్పున బయటపడుతూ ఉంటుంది. బయటపెట్టేది ఎప్పుడూ ఒక జంటే. ఆయన నెత్తిన తిరగేసిన టోపీ, ఆవిడ కాళ్ళకి నిన్న సాయంత్రం కొన్న తెల్ల బూట్లు. వెనక నీళ్ళు దూకుతుంటే ముందు నిలబడి, "ఫ్రెండ్స్, ఇంతవరకూ ఎవరూ చూడని జలపాతం మీకు చూపించబోతున్నాం" అంటారు. ఎవరూ చూడని ఆ జలపాతానికి పార్కింగ్ రసీదు ఉంది. రసీదు చింపిచ్చే కుర్రాడున్నాడు. మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ ఉంది. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి నాలుగు కర్రలకి పాత చీర చుట్టిన గది ఉంది. నీళ్ళలోకి దిగితే ప్రాణాపాయమని బోర్డుంది, ఆ బోర్డు మీద ఎవరో ఆరేసిన తువ్వాలు ఉంది.

కొలంబస్ నయం. ఇండియాకని బయల్దేరి దారి తప్పి ఇంకెక్కడో తేలాడు గనక కనుక్కున్నానని చెప్పుకోవడానికి ఆయనకో సాకుంది. మనవాళ్ళు వేలమంది చుక్కలిచ్చిన చోటికి, గూగులమ్మ ఎడమకి తిరగమంటే ఎడమకీ కుడికి తిరగమంటే కుడికీ తిరుగుతూ, ముందు వెళ్ళే టెంపో ట్రావెలర్ దుమ్ము తింటూ వెళ్ళి, కనుక్కున్నామంటారు.

ఈ పరిశోధన ఎలా సాగుతుందో కటికి జలపాతం దగ్గర కళ్ళారా చూశాను. బొర్రా దగ్గర జీపెక్కాలి. ఆ దారిని దారి అనడం మొహమాటానికే. దిగాక ఇంకాస్త నడక. ఆ రోజు అక్కడ యాభై మందికి తక్కువ లేరు. ఒక పక్క బొంగు చికెన్ కాలుతోంది. ఒక కుటుంబం దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పింది. కాలేజీ కుర్రాళ్ళు చొక్కాలు విప్పేసి నీటిధార కింద కేకలు పెడుతున్నారు. మన జంట ఇదంతా చూసి నీరసపడిపోయింది. తాము కనుక్కోబోయే జలపాతాన్ని ఇంతమంది ముందే కనుక్కోవడం ఆవిడకి అస్సలు మింగుడుపడలేదు. అప్పుడు వాళ్ళ జీపు డ్రైవరు రంగంలోకి దిగాడు.

"ఇలా రండి సార్. ఈ రాయి మీంచి, ఫోను కాస్త కిందకి పెట్టి తీస్తే జనం పడరు. మేడమ్‌ని అక్కడ నిలబెట్టండి. కుడిపక్కకొద్దు, చికెన్ పొగ వస్తాది."

అని ఫోను తనే అందుకున్నాడు. మేడమ్ ముందు నడుస్తూ చెయ్యి వెనక్కి చాపాలనీ, సార్ ఆ చెయ్యి పట్టుకుని వెళ్ళాలనీ, ఇద్దరూ నీళ్ళ కేసే చూడాలి తప్ప తన కేసి చూడకూడదనీ చెప్పాడు. మొదటిసారి సార్ కాలు జారింది. రెండోసారి పులిహోర కుటుంబం తాలూకు పిల్లాడు అడ్డంగా పరిగెత్తాడు. వాణ్ణి బుజ్జగించి పక్కకి పంపి మూడోసారి తీశాడు. సాయంత్రానికల్లా ఆ జంట మనుషుల అలికిడి లేని లోయలో, వేణునాదం వినబడుతుండగా, ప్రకృతి ఒడిలోకి నడుచుకుంటూ పోతోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్ళు తెరుచుకునే తాగుతోంది. మూయాల్సింది మన కళ్ళు గనక ఆ పనికి జీపు డ్రైవర్ని మాట్లాడుకుంది. వీడియో కింద కెమెరాకీ, మైకుకీ, బూట్లకీ పేర్లున్నాయి. డ్రైవరు పేరు లేదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఆ పక్కనున్న బొర్రా గుహల సంగతే చూడండి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర వాటిని కనుక్కున్నాడని ఎన్నో చోట్ల రాసి ఉంటుంది. జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో! ఆఫీసు తెరవడానికి నలభై నాలుగేళ్ళ ముందే డ్యూటీలో చేరి, గుహ కనుక్కుని, రిపోర్టిచ్చేసిన ఉద్యోగిని ఈ దేశం మళ్ళీ చూడలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు గుహ కప్పుకి ఉన్న కన్నంలోంచి లోపల పడిందట. వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి ఆవుతో పాటు లింగంలాంటి రాయి కనబడిందట. ఆవుని కాపాడింది శివుడేనని పూజలు మొదలుపెట్టారట. గోస్తనీ నది అక్కడి రాతి ఆవు పొదుగులోంచి పుట్టిందనీ అంటారు. రెండు కథల్లో ఏది నిజమో తేల్చడం నా పని కాదు గానీ, తేదీ కుదరని దొరకి పేరు దక్కింది, అక్కడే పుట్టి పెరిగిన కాపరికి దక్కలేదు. మన ఆదివారం దంపతులు ఆ దొర వారసులు.

కనుక్కున్నదానికి బిరుదివ్వడం ఆ తర్వాతి ఘట్టం. వాజేడు దగ్గరి బొగత తెలంగాణ నయాగరా. బస్తర్‌లో ఇంద్రావతి మీద ఉన్న చిత్రకోట్ ఇండియా నయాగరా. తమిళనాడు హొగెనకల్‌కీ, కేరళ అతిరప్పళ్ళికీ అదే బిరుదు. ఇన్ని నయాగరాలున్న దేశం వదిలేసి అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు. లంబసింగి ఆంధ్రా కశ్మీర్. గండికోట ఇండియా గ్రాండ్ కాన్యన్. ఆంధ్రా ఊటీ ఎవరన్న విషయంలో అరకుకీ హార్స్‌లీ హిల్స్‌కీ తగాదా ఇంకా తెగలేదు. పెన్నా నది గండికోట దగ్గర ఎర్రకొండని కోసుకుంటూ పోయిన తీరు చూడ్డానికి అమెరికా పోలికతో ఏం పని? కళ్ళుంటే చాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. జంటలంటే నాకు కంటగింపు లేదు. పార్కు బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటే కానిస్టేబులు లాఠీతో పెళ్ళి సర్టిఫికెట్ అడిగే ఊళ్ళు మనవి. ఇంట్లో అత్తమామలు, ఆఫీసులో డెడ్‌లైన్లు, మధ్యలో ట్రాఫిక్. ఇద్దరూ కలిసి చెట్ల కిందకి పారిపోవాలనుకోవడంలో తప్పేముంది? పారిపోయినవాళ్ళు పారిపోయినట్టుండక, "కలిసి ట్రెక్ చేస్తేనే బంధం బలపడుతుంది, మీరూ మీ భాగస్వామితో ట్రై చెయ్యండి" అని చూసేవాళ్ళ కాపురాల మీద పడతారే, దానితోనే నా పేచీ. కలిసి కొండెక్కడం వీళ్ళు కనిపెట్టిందేమీ కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వంగి వంగి ఎక్కే ఇల్లాళ్ళున్నారు. వాళ్ళ పక్కనే నీళ్ళ సీసా, చంకలో పిల్లా, భుజాన సంచీతో ఒక్కొక్క మెట్టే ఎక్కే మొగుళ్ళున్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆ మనిషి మొహం చూసినవాళ్ళెవరూ బంధాల గురించి ఉపన్యాసమివ్వరు.

నల్లమలలో సలేశ్వరం సంగతి ఇంకా పసందు. చైత్ర పౌర్ణమికి ఏడాదిలో కొద్ది రోజులే దారి తెరుస్తారు. ఎర్రటి ఎండ. బండ్లు ఆగిపోయాక రాళ్ళమీద పడుతూ లేస్తూ లోయలోకి దిగితే, రెండు కొండల మధ్య సన్నగా పడే నీళ్ళూ, గుహలో లింగమయ్యా. పూజారులు చెంచులు. వేలకొద్దీ జంటలు లింగమయ్యని పిలుచుకుంటూ దిగుతాయి. అందరూ చెప్పులేసుకుని కూడా రారు, బూట్లకి బ్రాండెక్కడిది? ట్రెక్కూ జలపాతమూ రెండూ ఉన్నాయి, జంటలకి కొదవే లేదు. కనుక్కున్నామన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. (సలేశ్వరాన్ని కూడా తెలంగాణ అమర్‌నాథ్ అంటున్నారు లెండి. బిరుదుల బెడద చెంచులకీ తప్పలేదు.)

ఇక క్యాంపింగు. హైదరాబాదు నుంచి వికారాబాదు దాకా ఎవరి మామిడితోటలో చూసినా గుడారాలు మొలిచాయి. "అడవిలో ఒక రాత్రి, జంటలకి మాత్రమే" అని ప్యాకేజీ. గుడారంలో పరుపు, పరుపు పక్కన ఛార్జింగు ప్లగ్గు. గుడారానికీ గుడారానికీ మధ్య మూరెడు దూరం గనక పక్క జంట గురకా, అంతకుముందు జరిగిన గొడవా ఉచితం. ఏడింటికి చలిమంట, ఎనిమిదింటికి బార్బెక్యూ, తొమ్మిదింటికి డీజే. నిశ్శబ్దంలో ఆకాశం కేసి చూస్తూ చుక్కలు లెక్కపెట్టుకోవచ్చని ప్రకటనలో ఉంది. డీజే లైట్లు ఆకాశంలోకి తిప్పుతుంటే చుక్కలు ఎప్పుడో తప్పుకున్నాయి. ఆ డప్పుకి ఊళ్ళో కుక్కలన్నీ ఏకమై అరిస్తే, మర్నాడు వీడియోలో "రాత్రంతా అడవి జంతువుల అరుపులు, భయంతో ఒకరినొకరు పట్టుకుని పడుకున్నాం" అని వచ్చింది. డీజే వాయించిన కుర్రాడు కూడా ఆ వీడియోకి లైకు కొట్టి ఉంటాడు.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. నవ్వలేనిది ఇంకొకటుంది. "ఫారెస్టువాళ్ళు అడ్డుకున్నారు, అయినా మేం వేరే దారిలో వెళ్ళాం" అని ఛాతీ విరుచుకుని చెప్పే వీడియోలు వస్తున్నాయి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రిజర్వు ఫారెస్టుకి 1967 నాటి అటవీ చట్టం వేరే ఉంది. ఇంకొకరి ఇంటి గోడ దూకి, ఆ దూకడాన్ని తనే వీడియో తీసి ఊరంతా పంచేవాణ్ణి సాహసి అంటామా? అడవి విషయంలో అంటున్నాం. పైగా ఆ వేరే దారి చూపించేది పక్క గూడెం కుర్రాడు. వందో రెండు వందలో చేతిలో పెడతారు. తర్వాత ఫారెస్టు గార్డు వచ్చి పట్టుకునేది ఎవరినో వేరే చెప్పాలా? కొలంబస్ అప్పటికి కూకట్‌పల్లిలో ఎడిటింగ్ చేసుకుంటూ ఉంటాడు.

నీళ్ళకి వీడియోల సంగతి తెలియదు. 2023 జులైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో ముత్యంధార చూడ్డానికి అడవిలోకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి మధ్యలో వాగు పొంగింది. సుమారు 80 మంది వానలో, చీకట్లో, అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు దళమూ పోలీసులూ రాత్రి పూట వెళ్ళి బయటికి తెచ్చారు. ప్రాణాలు దక్కడం అదృష్టం. కుంటాల దగ్గరా, బొగత దగ్గరా గుండాల్లో మునిగిపోయిన వాళ్ళందరికీ ఆ అదృష్టం లేదు. జలపాతం కింద గుండం పైకి చూస్తే మడుగులా ఉంటుంది. లోపల ఏళ్ళ తరబడి నీళ్ళు తొలిచిన గోతులుంటాయి. రాళ్ళ మీది పాచికి సెల్ఫీ తీసుకునేవాళ్ళంటే ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. ఇవన్నీ అక్కడి గోండులకీ కోయలకీ పసితనం నుంచీ తెలుసు. ఎవరూ చూడని చోటుకి వచ్చామనుకునేవాళ్ళు వాళ్ళనేం అడుగుతారు?

వానాకాలం వెళ్ళాక అదే దారిలో వెళ్ళి చూడండి. చిప్స్ కవర్లు, బీరు సీసాల పెంకులు, డైపర్లు. పొత్తులమ్మే అవ్వ పొద్దున్నే చీపురుతో తన కొట్టు చుట్టూ ఊడ్చుకుంటుంది గనక ఆ మేరకి శుభ్రం. మిగతాది పశువుల కడుపుల్లోకీ, వాగులోకీ పోతుంది. వీడియో తీసిన రాయి మీద మాత్రం ఎవరో ఇంగ్లీషు అక్షరాలు రెండు, మధ్యలో హృదయం గుర్తుతో, తెల్ల పెయింటుతో రాసి వెళ్ళారు. పెయింటు డబ్బా ఇంటి నుంచి మోసుకొచ్చినవాళ్ళకి చెత్తసంచీ బరువైపోయింది.

ఈ జులైలోనూ జంటగా బయల్దేరేవాళ్ళున్నారు, తప్పకుండా వెళ్ళండి. కిందనున్న ఊళ్ళో ఆగి టీ తాగి, ఆ నీళ్ళని వాళ్ళేమని పిలుస్తారో అడిగి, వీడియోలో ఆ పేరే చెప్పండి. తెచ్చిన చెత్త తీసుకెళ్ళండి. మీరున్న చోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నిమిషాల్లో వాగు ఎర్రబడి పొంగుతుంది. కాబట్టి జీపు డ్రైవరు "సార్, ఇక పోదాం" అన్నాడంటే మారుమాట్లాడకుండా లేవండి. జనం పడకుండా ఎక్కణ్ణుంచి తియ్యాలో చెబితే విన్నారుగా, ఇదీ వినండి.