బ్రేకు జబ్బుకు చుట్టాల వైద్యం

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాయంటే ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాల్సిందే. 1960లో పదేళ్లు పైబడిన బళ్లతో మొదలైన ఈ పరీక్షకు ఇప్పుడు కారుకైతే గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. ముందు చక్రాలు రెండూ రోలర్ల మీదికి ఎక్కుతాయి. టెస్టర్ బ్రేకు తొక్కుతాడు. ఎడమ చక్రం ఎంత పట్టింది, కుడి చక్రం ఎంత పట్టింది అన్నది విడివిడిగా తేలుతుంది. రెంటికీ పొంతన లేకపోతే కారు ఫెయిల్. స్లౌ నుంచి మిల్టన్ కీన్స్ దాకా ఏ తెలుగు ఇంట్లోనైనా ఆ సాయంత్రం జరిగే తంతు ఒక్కటే. అది ఇంకా అలవాటు కాని కొత్త యజమానుల కోసం ఈ మార్గదర్శిని.

1. అంకెలు అడగకూడదు

రోలర్ల మీద ఏ చక్రానికి ఎంత వచ్చిందని గ్యారేజీలో అడగడం యజమానికి తగని పని. అడిగితే లెక్క తెలిసిపోతుంది. రెండు చక్రాల పట్టులో ఉన్న తేడాను ఎక్కువ పట్టిన చక్రం అంకెతో భాగించి శాతం కడతారు. ఒకటి 240, ఇంకొకటి 160 చూపిస్తే తేడా 80, అంటే 33 శాతం. 30 దాటితే మేజర్ లోపం. స్టీరింగ్‌తో తిరిగే చక్రాల మధ్య 50 దాటితే డేంజరస్. అలాంటి కారును రోడ్డెక్కిస్తే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

ఇంకో సంగతి. టెస్టర్ చక్రం ఊడదీయడు. తేడా ఎంతో చెప్పడమే ఆయన పని, ఎందుకో చెప్పడం కాదు. ఆ ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా కనబడితే మనవాళ్లలో ఎవరికీ చెయ్యి ఊరుకోదు.

2. వెంటనే గుంటూరుకు వీడియో కాల్ చేయాలి

గుంటూరు టైము వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ మామయ్య భోంచేసి తీరిగ్గా ఉంటాడు.

“మామయ్యా, బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతోంది.”

“ఇంకేముంది అల్లుడూ, ఎడమ చక్రంలోనే ఉంది తేడా. ప్యాడ్లు మార్పించెయ్.”

ఆయన బ్రేకులు నేర్చుకున్నది నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న పాత అంబాసిడర్ మీద. ఆ అనుభవాన్ని శంకించడం మర్యాద కాదు.

3. లాగిన వైపునే అనుమానించాలి

ఈ వైద్యమంతటికీ ఇదే మూలసూత్రం, దీని మీద ఎంత చెప్పినా తక్కువే. బండి ఎడమకు లాగిందంటే చాలాసార్లు ఎడమ బ్రేకు బుద్ధిగా పనిచేస్తోందని అర్థం. పని ఎగ్గొడుతున్నది కుడివైపుది. ఎడమ చక్రం ఆగుతుంటే కుడి చక్రం ఇంకా ముందుకు పోతుంది, బండి ఎడమకు తిరుగుతుంది. అయినా తిట్లు తినేది పనిచేసే చక్రమే. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఇదే న్యాయం నడుస్తోంది కనుక కారుకు వేరే న్యాయం ఉంటుందని ఎవరికీ తోచదు.

కుడివైపు చక్రం విప్పి చూస్తే తెలుస్తుంది. చిన్న కార్లలో ఎక్కువగా ఉండే కాలిపర్‌కు పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. అదే ఊపుకు కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాక్కొస్తుంది. ఆ పిన్నులు జరగకపోతే సగం పని ఆగిపోయినట్టే. రబ్బరు తొడుగు చిరిగితే నీరు చేరుతుంది, చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి తోడవుతుంది. ప్లయర్‌తో పట్టి తిప్పితే గానీ ఊడిరాని పిన్ను, వచ్చాక చూస్తే గ్రీజు జాడ లేదు, ఒళ్లంతా గోధుమరంగు తుప్పు. బయటి ప్యాడ్ ఎనిమిది మిల్లీమీటర్లుంటే లోపలిది రెండు. ఒకటిన్నర కన్నా తగ్గితే అదే ఇంకో మేజర్ లోపం. చక్రం ఊచల సందుల్లోంచి తొంగి చూసి “ప్యాడ్లు బాగానే ఉన్నాయి” అనేవాళ్లకు కనబడేది ఆ బయటి ప్యాడే.

లాగిన వైపే తప్పున్న సందర్భాలూ లేకపోలేదు. పిస్టన్ ఇరుక్కుపోయినా, రబ్బరు గొట్టం లోపల మూసుకుపోయినా బ్రేకు పట్టాక వదలదు. అప్పుడు కాసేపు నడిపి ఆపిన కారులో ఆ చక్రం దగ్గర సెగ తగులుతుంది. చెయ్యి దగ్గరగా పెడితే చాలు, డిస్కును తాకక్కర్లేదు. అయితే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ నమ్మరు.

4. అలైన్‌మెంట్ చేయించాలి

బ్రేకు తొక్కకపోయినా లాగుతోందా, తొక్కినప్పుడే లాగుతోందా అన్నది మాత్రం చూడకూడదు. రోడ్డు వాలు బ్రిటన్‌లోనూ ఎడమకే కదా.

5. గ్రీజు ఏదైనా గ్రీజే

పెట్రోలియం గ్రీజు పూస్తే పిన్నుల రబ్బరు ఉబ్బుతుంది. వచ్చే ఏడాదికి మళ్లీ పని దొరుకుతుంది.

6. వాట్సాప్ గ్రూపులో పెట్టాలి

మొదటి సలహా బ్రేకాయిల్, రెండోది డిస్కులు, మూడోది ఏబీఎస్. చక్రం బిగుసుకుపోబోతుంటే పట్టు సడలించడం ఏబీఎస్ పని. తుప్పు పట్టిన పిన్నును కదిలించడం దానివల్ల కాదు. నాలుగో ఆయన అదే సందేశం కింద గృహప్రవేశం ఆహ్వానం పెడతాడు.

7. చూసినందుకు డబ్బులివ్వకూడదు

ఇక్కడ కాసేపు వేళాకోళం పక్కన పెట్టాలి. మెకానిక్ గంటసేపు కూర్చుని, పిన్నులు ఊడదీసి, తుడిచి, సరైన గ్రీజు పూసి బిగిస్తే “సామానేం మార్చలేదుగా, ఇంత బిల్లేమిటి?” అని అడగని యజమాని గుంటూరులోనూ అరుదు, స్లౌలోనూ అరుదు. అదే మెకానిక్ ఏమీ చూడకుండా రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్లు మార్చి పాతవి అట్టపెట్టెలో పెట్టిస్తే సంతోషంగా కార్డు తీస్తారు. చేతికి బరువు తగిలితేనే డబ్బుకు న్యాయం జరిగినట్టు లెక్క. మెకానిక్ కూడా బతకాలి. చూపుకు గిరాకీ లేనిచోట సామాను అమ్ముతాడు. అలా అమ్మిన సామాను కూడా పాత పిన్నుల మీదే కూర్చుంటుంది, రోలర్ల మీద తేడా మళ్లీ అంతే వస్తుంది. అప్పుడు తిట్టేది కంపెనీని.

8. చివరికి అమ్మేయాలి

ఫెయిలైన గ్యారేజీలోనే కారు వదిలి బాగుచేయించి, పది పనిదినాల్లోపు మళ్లీ చూపిస్తే ఆ పాక్షిక పరీక్షకు రుసుము లేదు. కానీ అప్పటికి యజమాని మనసు విరిగిపోయి ఉంటుంది. ప్రకటనలో “ఒకే ఓనర్, ఆడవాళ్లు నడిపిన బండి” అని రాస్తే సరిపోతుంది. చిక్కల్లా ఒక్కటే. నంబర్ ప్లేటు చూసి ఎవరైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ కారు ఎంఓటీ చరిత్రంతా చదువుకోవచ్చు. కొనడానికి వచ్చినాయన నిజంగానే చదివి వచ్చాడు.

“ముందు బ్రేకుల్లో తేడా అని రెండేళ్లు వరసగా ఉందండీ?”

“అది చిన్న విషయమండీ. ప్యాడ్లు మార్పించేశాం.”

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని చూసి అడిగాడు: “మైలేజీ ఎంతిస్తుందండీ?”