పక్క మంచం పరదేశం

అల్ రువైస్ అంటే ఖతార్ ఉత్తరపు కొస. అక్కడి మన విశ్వాసులు చర్చి మొహం చూడాలంటే దోహా దాటి మెసైమీర్ చేరాలి. వంద కిలోమీటర్ల పైమాటే.

ఆదివారపు ఆరాధన శుక్రవారమే. కంపెనీ సెలవిచ్చిన రోజే విశ్రాంతి దినం!

ఈసారి మిషన్ పండుగ. అంశం: ‘ఇతర సంస్కృతులను తెలుసుకుందాం’.

నేపాల్ టోపీ పెట్టుకున్నది పాలకొల్లు. కెన్యా డప్పు కొట్టింది కరీంనగర్. బంగ్లాదేశ్ లుంగీ ఒక్కటే ఎవరూ కొనక్కర్లేకపోయింది.

రువైస్ గదిలో పై మంచం నేపాల్‌ది, పక్క మంచం బంగ్లాదేశ్‌ది. ఏళ్ల తరబడి సాగుతున్న సాంస్కృతిక మార్పిడి ఒకే ఒక్కటి: ఫోన్ ఛార్జర్.

1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టుకు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. పాపం, ఆయనకు పవర్‌పాయింట్ లేదు.

మనకుంది. స్లైడ్ల తర్వాత క్విజ్. మొదటి బహుమతి మన రువైస్ సోదరుడికే!

నేపాల్ రాజధాని చెప్పాడు. కరెన్సీ చెప్పాడు. ఎవరెస్టు ఎత్తు మీటర్లలో చెప్పాడు.

బస్సు నడిపి తెచ్చిన నేపాలీ బయట ఎండలో ఉన్నాడు. బిర్యానీకి పిలుద్దామని ముగ్గురు గుమ్మం దాకా వచ్చారు.

పేరు తెలీక ఆగిపోయారు.